పెట్టె మీద లేని ధర

ఫోను కొనేటప్పుడు దుకాణంలో ఎవరూ చెప్పని ధర ఒకటుంది. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో చెబుతారు. బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తుందో చెబుతారు. నెలకు ఎంత కట్టాలో, ఎన్ని వాయిదాలో కాగితం మీద లెక్క వేసి మరీ చూపిస్తారు. డిస్‌ప్లే పగిలితే ఎంతవుతుందని మాత్రం అడిగేవాడూ ఉండడు, చెప్పేవాడూ ఉండడు. ఆ ధర తెలిసేది ఫోను చేయిజారిన మర్నాడు, సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర. అప్పటికి డబ్బు కంపెనీకి చేరిపోయింది, ఫోను వాళ్ల బల్ల మీద ఉంది, కొన్నవాడి చేతిలో బేరమాడే బలం ఇసుమంతైనా మిగల్లేదు. ఇది ఏమరుపాటు వల్ల వచ్చిన పరిస్థితి కాదు. ఫోను చౌకగా అమ్మి, పగిలాక డిస్‌ప్లే దగ్గర పిండుకునే వ్యాపారం ఇది. దీన్ని కళ్లారా చూస్తూ కూడా కేంద్ర ప్రభుత్వం కమిటీలతో, పోర్టల్‌తో కాలం వెళ్లబుచ్చుతోంది.

బాపట్ల జిల్లా వేటపాలెం లాంటి ఊళ్లో ఈ దోపిడీ ఎక్కడ తగులుతుందో చూడాలి. పందిళ్లపల్లి, దేశాయిపేట వైపు మగ్గాల గుంతల్లో కూర్చున్న నేత కార్మికుడికి మాస్టర్ వీవర్ డిజైన్ పంపేది వాట్సాప్‌లోనే, మజూరీ పడేది ఫోన్‌పేలోనే. జీడిపప్పు బట్టీల వాళ్లకు ఆర్డర్లు, కొరియర్ నంబర్లు, డబ్బులు అన్నీ ఆ ఐదారు అంగుళాల అద్దం మీదుగానే వస్తాయి. జీడిగింజలు కొట్టే ఆడవాళ్ల సంగతి ఇంకా ఉంది. గింజ తొక్కలోని నూనె వేళ్ల చర్మాన్ని తినేస్తుంది. వేలిముద్ర యంత్రం వాళ్లను గుర్తుపట్టక మొరాయిస్తుంది. అప్పుడు మిగిలే దారి ఫోనుకొచ్చే ఓటీపీ. డిస్‌ప్లే నల్లబడితే ఆ ఓటీపీ వచ్చినట్టు టింగుమని చప్పుడైతే వినిపిస్తుంది గానీ, అంకెలు కనిపించవు.

ఇక ప్రభుత్వాల సంగతి. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరిట వాట్సాప్‌లో పాలన మొదలుపెట్టింది. సర్టిఫికెట్లు, బిల్లులు, దరఖాస్తులు, అన్నీ ఫోనులోకే తెచ్చామని గొప్పగా చెప్పుకొంది. అదే ఏడాది పత్తి సీజన్‌కు కాటన్ కార్పొరేషన్ ‘కపాస్ కిసాన్’ యాప్ పెట్టింది. మద్దతు ధరకు పత్తి అమ్మాలంటే గుంటూరు, పల్నాడు, ప్రకాశం రైతు ఆ యాప్‌లో నమోదై, స్లాట్ తీసుకోవాలి. యార్డులో మిర్చి ధర తెలుసుకోవాలన్నా ఇప్పుడు ఫోనే దిక్కు. పరిపాలనను, మార్కెట్టును, కూలి చెల్లింపును జనం జేబులోని అద్దం వెనక్కి చేర్చిన ప్రభుత్వాలకు ఆ అద్దం పగిలితే ఎంతవుతుందో, ఎవరు బాగుచేస్తారో పట్టించుకునే తీరిక లేదు. ఆఫీసుకు తాళం పడితే నిలదీయడానికి గుమాస్తా ఉంటాడు. ఫోను చీకటైతే ఎవర్ని అడగాలి?

సర్వీస్ సెంటర్లో ఇచ్చే జాబ్ షీట్ ఒక్కసారి చేతిలోకి తీసుకుని చదవండి. పైన ఐఎంఈఐ నంబరు, మోడల్ పేరు. కింద ఎక్కడో ‘కస్టమర్ ఇండ్యూస్డ్ డ్యామేజ్’ అని మూడు ముక్కలు. ఆ మూడు ముక్కలతో వారంటీ ముగిసిపోయింది. ఇక ఎస్టిమేట్ మొదలు. పదిహేను వేల ఫోను అనుకుందాం. డిస్‌ప్లే ఆరు వేలు, కూలి ఐదు వందలు అన్నారనుకుందాం. ఆ ఆరున్నర వేల మీద 18 శాతం జీఎస్టీ 1,170 రూపాయలు. మొత్తం 7,670. ఫోను ధరలో సగం దాటిపోయింది. ఫోన్ల మీద జీఎస్టీని 2020 ఏప్రిల్ 1 నుంచి 12 శాతం నుంచి 18 శాతానికి పెంచారు కాబట్టి, కొన్నప్పుడు ఒకసారి పన్ను కట్టినవాడు అదే ఫోనును బతికించుకోవడానికి మళ్లీ అదే రేటున కడుతున్నాడు. కొత్త ఫోను కొనుక్కో అని నేరుగా ఎవరూ అనరు. ఆ బిల్లే అంటుంది. పక్కనే అమ్మకాల కౌంటర్లో ‘పాత ఫోను ఇచ్చి కొత్తది తీసుకోండి’ అనే బోర్డు కూడా ఉంటుంది. స్క్రీన్ పగిలిందనగానే పాత ఫోనుకు కట్టే విలువ పాతాళానికి పడిపోతుంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నది ఇలాంటి చోటే.

ఇంకో చిన్న విషయం. మార్చేసిన పాత డిస్‌ప్లే తిరిగి ఇమ్మని అడిగితే చాలా సెంటర్లలో ఇవ్వరు, కంపెనీకి పంపాలంటారు. డబ్బు కట్టి కొత్త భాగం కొన్నవాడికి పాత భాగం ఎందుకు దక్కదు? ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే ఆ అద్దంలో ఏముందో తెలియాలి.

మనం ‘స్క్రీన్’ అనేది ఒకటే ముక్క కాదు. పైన గ్లాసు, దానికింద టచ్ గ్రహించే పొర, అడుగున బొమ్మను చూపే ప్యానెల్. ఈ మూడింటినీ పారదర్శకమైన జిగురుతో అతికించి ఒకే భాగంగా చేస్తారు. రిపేర్ వాళ్ల భాషలో దాని పేరు కాంబో, కొందరు ఫోల్డర్ అంటారు. ఫోను కిందపడ్డప్పుడు చాలాసార్లు పగిలేది పై గ్లాసు ఒక్కటే. బొమ్మ కనిపిస్తూనే ఉంటుంది, టచ్ పనిచేస్తూనే ఉంటుంది. ఆ గ్లాసు ఒక్కటే మార్చడం వచ్చినవాళ్లు ఒంగోల్లో, గుంటూర్లో, విజయవాడలో ఉన్నారు. వేడిపలక మీద ఫోనును పెట్టి జిగురు మెత్తబడ్డాక, వెంట్రుకంత తీగను గ్లాసుకూ ప్యానెల్‌కూ మధ్య అటూ ఇటూ లాగుతూ విడదీస్తారు. చేయి కాస్త వణికిందా, ప్యానెల్ మీద గీత పడి పని మొత్తం నాశనం. పాత జిగురును ఓపిగ్గా తుడిచి, కొత్త జిగురు పొర పరిచి, గ్లాసు దించి, గాలి బుడగలు పోయేలా యంత్రంలో పెడతారు. దీన్ని వాళ్లు ఓసీఏ పని అంటారు. కంపెనీ సెంటర్లో ఈ పని చేయరు. గ్లాసు పగిలినా, ప్యానెల్ పోయినా అక్కడ మందు ఒకటే: కాంబో మొత్తం మార్చెయ్యడం. బతికున్న ప్యానెల్ వాళ్ల దగ్గరే ఉండిపోతుంది, దాని ధర కూడా మన బిల్లులోనే పడుతుంది.

బయటి రిపేర్ దుకాణంలో ‘డూప్లికేట్’ వేస్తారని కంపెనీలు ప్రకటనలు గుప్పిస్తాయి. నిజమే, వేస్తారు. ఓఎల్ఈడీ ఉండాల్సిన చోట తక్కువ రకం ఎల్‌సీడీ ప్యానెల్ పెడితే ఎండలో బొమ్మ కనిపించదు, బ్యాటరీ తొందరగా అయిపోతుంది. కానీ ఆ దుకాణదారు ఒరిజినల్ ఎందుకు వెయ్యడు? వేద్దామన్నా అతనికి ఎవరమ్ముతారు? కంపెనీ తన విడిభాగాన్ని తన సెంటర్లకే పరిమితం చేసి, బయట ఒరిజినల్ దొరకకుండా చేసి, ఆ తర్వాత బయటివాళ్లంతా నకిలీగాళ్లని ప్రచారం చేస్తోంది. కొరత సృష్టించినవాడే కొరత గురించి హెచ్చరిస్తున్నాడు. చీరాల రోడ్డు మీద చిన్న కొట్టు పెట్టుకున్న కుర్రాడి మీద నేరం మోపే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మగ్గం మీద బతికే ఊరికి ఈ అన్యాయం అర్థం కావడానికి పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. నాడె విరిగితే వడ్రంగి కొత్తది చెక్కి ఇస్తాడు. అచ్చు పాడైతే ఇంకోటి కట్టిస్తారు. జకార్డు పెట్టె మొరాయిస్తే పక్కింటి నేతగాడే వచ్చి సరిచేస్తాడు. మగ్గం చేసినవాడు వచ్చి ‘నా దగ్గర తప్ప ఎక్కడా బాగుచేయించకూడదు, వేరేవాడు ముట్టుకుంటే ఇది నేయదు’ అంటే ఊరు నవ్వుతుంది. ఫోను కంపెనీ అదే మాట అంటే మనం తలూపి డబ్బు కడుతున్నాం.

ముట్టుకుంటే నేయదన్నది ఫోన్ల విషయంలో ఊహ కాదు. 2019లో ఐఫోన్ 11తో యాపిల్ కంపెనీ, స్క్రీన్ మారిస్తే అది అసలైనదో కాదో తెలియడం లేదంటూ ఫోను మీదే హెచ్చరిక చూపించడం మొదలుపెట్టింది. 2021లో ఐఫోన్ 13 స్క్రీన్‌ను బయట మారిస్తే ఫేస్ ఐడీ పనిచేయకుండా పోయింది. లోకమంతా గోల చేశాక సాఫ్ట్‌వేర్ మార్చి సర్దుబాటు చేశారు. ప్రతి భాగానికీ ఒక నంబరిచ్చి, ఆ నంబరు ఫోను మెదడుతో కలిస్తేనే పనిచేసేలా కట్టేయడాన్ని ‘పార్ట్స్ పెయిరింగ్’ అంటారు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 2024లో చట్టం తెచ్చి దీన్ని నిషేధించింది. అంతకుముందే న్యూయార్క్ 2022 డిసెంబర్లో, కాలిఫోర్నియా 2023లో రిపేర్ హక్కు చట్టాలు చేశాయి.

ఐరోపాలో జరిగింది మనకు ఇంకా దగ్గరి పాఠం. 2025 జూన్ 20 నుంచి ఐరోపా సమాఖ్యలో అమ్మే ప్రతి స్మార్ట్‌ఫోను వెంట ఒక లేబుల్ ఉండాలి. అందులో బ్యాటరీ సంగతితో పాటు ఆ ఫోను ఎంత సులువుగా బాగుచేయవచ్చో ఒక తరగతి, పదేపదే కిందపడితే ఎంత తట్టుకుంటుందో మరో తరగతి, ఏ నుంచి ఈ దాకా అక్షరాల్లో అచ్చేయాలి. డిస్‌ప్లే లాంటి ముఖ్యమైన భాగాలను ఆ మోడల్ అమ్మకం ఆపేశాక కూడా ఏడేళ్లపాటు అందుబాటులో ఉంచాలి. వాటి ధరను కంపెనీ వెబ్‌సైట్లో ఎవరైనా చూసుకునేలా పెట్టాలి. ఇక్కడ ఫోన్లు అమ్మేవి కూడా అవే కంపెనీలు. పారిస్‌లో కొనేవాడికి ముందే చెప్పగలిగిన సంగతి పందిళ్లపల్లిలో కొనేవాడికి ఎందుకు చెప్పరు? చెప్పడం రాక కాదు. అక్కడ చెప్పకపోతే అమ్మనివ్వరు. ఇక్కడ చెప్పకపోయినా ఎవరూ ఏమీ అనరు.

ఢిల్లీ ఏం చేసిందో తేదీల వారీగా చూద్దాం. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేర్ హక్కు మీద కమిటీ వేసింది. వ్యవసాయ యంత్రాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు దాని పరిధి. అదే ఏడాది డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, రిపేర్ హక్కు పోర్టల్ ప్రారంభించారు. కంపెనీలు ఇష్టపడి తమ వివరాలు అందులో పెట్టాలి. ఇష్టం లేకపోతే? ఏమీ లేదు. తర్వాత 2024 సెప్టెంబర్లో మరమ్మతు సూచిక కోసం ఇంకో కమిటీ. అది 2025 మే 3న నివేదిక ఇచ్చింది. విడిభాగాలు ఎంత తొందరగా దొరుకుతాయి, ఫోను విప్పడం ఎంత కష్టం, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నాళ్లిస్తారు అన్న కొలమానాలతో ఐదు మార్కుల సూచిక ఇవ్వాలని, దాన్ని దుకాణంలో, ఆన్‌లైన్ అమ్మకాల్లో, పెట్టె మీద క్యూఆర్ కోడ్‌లో చూపాలని సిఫార్సు చేసింది. మార్కులు మాత్రం కంపెనీయే తనకు తాను వేసుకుంటుందట! పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకునే ఈ పద్ధతిని కూడా కాసేపు క్షమిద్దాం. ఆ సూచిక కోసం ఇవాళ పెట్టె తిప్పి చూస్తే కనపడదు. మొదటి కమిటీ నుంచి లెక్కేస్తే, ఈలోగా ఒక్కో ఇంట్లో ఒక తరం ఫోన్లు మారిపోయాయి.

కంపెనీలను నిలదీసే దమ్ము ఈ దేశానికి లేదనుకోవడానికి వీల్లేదు. కార్ల విషయంలో ఒకప్పుడు గట్టిగానే అడిగింది. హోండా కారు విడిభాగాల గురించి శంషేర్ కటారియా అనే వినియోగదారుడు 2011లో కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. విచారణ మిగతా కంపెనీలకూ పాకింది. 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు, పనిముట్లు బయటి గ్యారేజీలకు అందకుండా చేసి, తమ డీలర్ల దగ్గరే ఎక్కువ ధరకు కొనాల్సిన స్థితి తెచ్చారన్నది నేరం. తర్వాత అప్పీళ్లలో ఆ కేసు చాలా మలుపులు తిరిగింది, అది వేరే కథ. కానీ కమిషన్ ఆనాడు చెప్పిన తర్కంలో ‘కారు’ అన్న చోట ‘ఫోను’ అని పెట్టి చదివితే ఒక్క వాక్యం కూడా మార్చనక్కర్లేదు. పత్తి రైతుకు ఒక సీసీఐ తెలుసు, మద్దతు ధర ఇచ్చే కాటన్ కార్పొరేషన్. కాంపిటీషన్ కమిషన్ అనే ఇంకో సీసీఐ కూడా ఉందని, దాని పని ఇలాంటి కట్టడులను బద్దలుకొట్టడమని గుర్తుచేయాల్సి వస్తోంది.

మన రాష్ట్రానికి ఇందులో ప్రత్యేకమైన వాటా ఉంది. 2015 ఆగస్టులో షావోమీ ‘భారత్‌లో తయారైన’ తన మొదటి ఫోనును విశాఖపట్నంలో విడుదల చేసింది. అది తయారైంది తడ దగ్గర శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో. భూమి, నీరు, కరెంటు, రాయితీలు మనవి. 2020లో కేంద్రం ఫోన్లు, ఎలక్ట్రానిక్స్ తయారీదారులకు ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకాల పథకం కింద సుమారు 41 వేల కోట్ల రూపాయలు ప్రకటించింది. ఎంత పెట్టుబడి పెట్టారు, ఎంత అమ్మారు అన్నవే ఆ పథకంలో కొలతలు. అమ్మిన ఫోనుకు విడిభాగాలు బజార్లో దొరకాలన్న ఒక్క షరతు జత చేసి ఉంటే ఖజానాకు పైసా ఖర్చయ్యేది కాదు. ప్రజల సొమ్ముతో పెరిగిన పరిశ్రమ ప్రజలకు డిస్‌ప్లే ధర చెప్పనంటే, ఏనుగును ఇచ్చి అంకుశం దగ్గర చేతులెత్తేసిన ఘనత మన పాలకులదే.

కంపెనీల వాదన కూడా వినాలి. బయటివాళ్లు విప్పితే నీరు, దుమ్ము చొరబడతాయని, బ్యాటరీ దెబ్బతిని మంటలు రావచ్చని, తమ సాంకేతిక రహస్యాలు బయటపడతాయని అంటారు. బ్యాటరీ భయం కొంత నిజమే. అయితే దానికి విరుగుడు శిక్షణ, మంచి విడిభాగం, సరైన సూచనల పుస్తకం. ఈ మూడూ కంపెనీ చేతిలో ఉన్నవే, మూడూ ఇవ్వనిది కంపెనీయే. యాపిలే 2022లో అమెరికాలో కొన్నవాళ్లకే నేరుగా విడిభాగాలు, పనిముట్లు అమ్మడం మొదలుపెట్టింది. ఇంట్లో కూర్చుని సొంతంగా మార్చుకునే అమెరికా కుర్రాడికి లేని ప్రమాదం, పదేళ్లుగా సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని బతుకుతున్న మన మెకానిక్‌కు ఎక్కడినుంచి వస్తుంది? ఇక పర్యావరణం గురించి కంపెనీల ప్రకటనల్లో ఆకుపచ్చ ఆకులు చాలానే కనిపిస్తాయి. 2022లో ప్రపంచంలో పోగైన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి నివేదిక చెప్పింది. అందులో లెక్కప్రకారం సేకరించి శుద్ధి చేసింది నాలుగో వంతు కూడా లేదు. గ్లాసు పగిలిన పాపానికి బతికున్న ఫోనును చెత్తలోకి తోసే ధర పెట్టినవాళ్లు ఆకుల బొమ్మలు వేసుకోవడం సిగ్గుచేటు.

పగలని స్క్రీన్లు పాడైన కథ మరొకటి. కొన్ని ఓఎల్ఈడీ ఫోన్లలో, చాలాసార్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన తర్వాత, నిలువునా ఆకుపచ్చ గీత వచ్చిపడింది. కింద పడలేదు, నీళ్లు తగల్లేదు. మొదట్లో వారంటీ దాటిందని చేతులు దులుపుకున్నారు. కొనుగోలుదారులు గట్టిగా అరిచాకే కదిలారు. 2024 చివర్లో వన్‌ప్లస్ మన దేశంలో తన ఫోన్లకు ఈ గీత సమస్య మీద జీవితకాల వారంటీ ప్రకటించాల్సి వచ్చింది. అంటే డిస్‌ప్లే ఉచితంగా మార్చడం కంపెనీకి చేతకాని పనేం కాదు. అరవనివాడి జేబులోంచే ఆ ఖర్చు వస్తుంది, అంతే తేడా.

మరి చట్టంలో ఏముంది? 2020 జులైలో అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెడ్డదేం కాదు. వస్తువు నాణ్యత, ప్రమాణం, ధర తెలుసుకోవడం హక్కని చెబుతుంది. బిల్లు ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి అంటుంది. ఎక్కడ కొన్నా, తాను నివసించే చోటే జిల్లా కమిషన్‌లో కేసు వేసుకోవచ్చు. అయిదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. వకీలు ఉండాలన్న నిబంధన లేదు. వీడియోలో విచారణకు అడగవచ్చు. రెండేళ్ల లోపు వేయాలి. ఎదుటి పక్షానికి నోటీసు అందిన మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని రాసి ఉంది. ఆ మూడు నెలల మాట ఏ కమిషన్లో నిలిచిందో వెతుక్కోవాలి.

మరమ్మతు హక్కు అనే మాట ఈ చట్టంలో లేనే లేదు. ఇంకో లొసుగు అంతకన్నా లోతైనది. ‘పగిలితే మాకు సంబంధం లేదు, వేరేవాడు విప్పితే వారంటీ లేదు, భాగం ఉంటేనే వేస్తాం, ధర మేం చెప్పిందే’ అనే ఏకపక్ష షరతులను ఎదుర్కోవడానికి చట్టం ‘అన్యాయపు ఒప్పందం’ అన్న ఆయుధం ఇచ్చింది. దాన్ని వాడుకోవాలంటే మాత్రం జిల్లా కమిషన్‌కు అధికారం లేదు. రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. పదిహేను వేల ఫోను కొన్న నేత కార్మికుడు వారంటీ కాగితంలోని ఒక వాక్యం అన్యాయమని చెప్పడానికి మగ్గం ఆపుకుని విజయవాడ రాష్ట్ర కమిషన్ గడప తొక్కాలన్నమాట. ఆ రోజు కూలి పోతుంది, దారిఖర్చు తగులుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. చట్టం రాసినవాళ్లకు ఈ దూరం తెలియదా? తెలిసే రాశారనుకోవాలి. ఏకపక్ష షరతులు కోట్ల మందికి ఒకేలా వర్తించేవి. వాటిని జిల్లాల్లో సవాలు చేయనిస్తే కంపెనీలు ప్రతి జిల్లాలోనూ జవాబు చెప్పుకోవాలి మరి.

మన వైపు తప్పులూ చిన్నవి కావు. ‘బిల్లు కావాలంటే జీఎస్టీ పడుతుంది’ అని దుకాణదారు అనగానే వద్దులెండి అనేది మనమే. సర్వీస్ సెంటర్లో ఎస్టిమేట్ కాగితం అడక్కుండా ఫోను వదిలేసి వచ్చేది మనమే. చీరాల, పేరాల జనం 1921లో అన్యాయపు మున్సిపల్ పన్ను కట్టబోమని ఊళ్లు ఖాళీ చేసి రామనగర్ పాకల్లో నెలల తరబడి బతికిన నేల ఇది. ఆ పక్క ఊళ్ల మనుమలు ఇవాళ ఏడున్నర వేల ఎస్టిమేట్ చూసి, ఒక్క ప్రశ్న వేయకుండా, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కట్టేస్తున్నారు. అదీ వేరేవాళ్ల ఫోను అడిగి తీసుకుని.

అడగాల్సింది కొండంత కాదు. ఫోను పెట్టె మీద గరిష్ఠ చిల్లర ధర ఎంత పెద్ద అక్షరాల్లో ఉందో, దాని పక్కనే ఆ మోడల్ డిస్‌ప్లే ధర, బ్యాటరీ ధర అంతే పెద్ద అక్షరాల్లో అచ్చేయాలి. దీనికి కొత్త చట్టం కూడా అవసరం లేదు, ప్యాకింగ్ నిబంధనల సవరణ చాలు. అది కేంద్రం ఒక్క నోటిఫికేషన్‌తో చేయగల పని. ఆ ధర పెట్టె మీదికెక్కిన రోజు, డిస్‌ప్లేకు సగం ధర గుంజే కంపెనీ ఫోను పక్కన తక్కువ ధర డిస్‌ప్లే ఉన్న ఫోను నిలబడుతుంది. మార్కెట్ పోటీ గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లకు ఇంతకంటే మంచి పోటీ ఏముంటుంది? అలాగే మోడల్ అమ్మకం ఆపినా కొన్నేళ్లు ఒరిజినల్ డిస్‌ప్లే బజార్లో ఎవరికైనా అమ్మాలన్న షరతు, మార్చిన పాత భాగం యజమానికి తిరిగివ్వాలన్న షరతు, అన్యాయపు ఒప్పందాలను విచారించే అధికారం జిల్లా కమిషన్లకు ఇచ్చే సవరణ కావాలి. పోర్టళ్లు, దినోత్సవాలు, ఫ్లెక్సీలు వీటికి బదులు కావు.

ఢిల్లీ కదిలేదాకా కూర్చోవాల్సిన అవసరమూ లేదు. వినియోగదారుల రక్షణ చట్టంలోని 16, 17 సెక్షన్లు చాలామంది కలెక్టర్ల బల్ల మీద తెరవని పేజీలు. వినియోగదారులందరి హక్కులకు భంగం కలిగే వ్యవహారం తన జిల్లాలో జరుగుతోందని ఫిర్యాదు వస్తే, జిల్లా కలెక్టరే విచారణ జరిపి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు నివేదిక పంపవచ్చు. ఫిర్యాదు కాగితం మీదైనా ఇవ్వవచ్చు, ఆన్‌లైన్లోనైనా పంపవచ్చు. ఆ సంస్థకు దర్యాప్తు చేసే అధికారం, అక్రమ పద్ధతులు ఆపించే అధికారం ఉన్నాయి. బాపట్ల జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. ఈ అధికారం అంతకుముందు నుంచే చట్టంలో ఉంది. బాపట్ల కలెక్టరు వేటపాలెం, చీరాల, పర్చూరు ప్రాంతాల్లోని సర్వీస్ సెంటర్లలో డిస్‌ప్లే ధరలు ఎలా నిర్ణయిస్తున్నారు, ధరల పట్టిక గోడ మీద ఉందా, ఎస్టిమేట్ రాతపూర్వకంగా ఇస్తున్నారా, పాత భాగం తిరిగిస్తున్నారా అన్న నాలుగు ప్రశ్నల మీద విచారణకు ఆదేశించాలి. అందుకు తూనికలు కొలతల శాఖ సాయం కూడా తీసుకోవచ్చు.

పాఠకులకు ఒక మనవి. ఫోను డిస్‌ప్లే మార్పించిన బిల్లు, జాబ్ షీట్, కొన్నప్పటి బిల్లు మీ దగ్గరుంటే పారేయకండి. ముందు 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడవచ్చు. దానికి ఆదేశాలిచ్చే అధికారం లేదు గానీ మీ ఫిర్యాదుకొక నంబరు పుడుతుంది. చదువుకున్న కుర్రాళ్లు 1918 నుంచి వేటపాలెంలో ఉన్న సారస్వత నికేతనం గ్రంథాలయం లాంటి చోట ఆదివారం పూట కూర్చుని, రాయడం రానివాళ్లకు ఫిర్యాదు రాసిపెట్టండి. ఆ కాగితాల నకళ్లన్నీ ఒక కట్టగా కట్టి, సోమవారం బాపట్ల కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో 17వ సెక్షన్ కింద అని పైన రాసి ఇవ్వండి. రసీదు తీసుకోవడం మరవకండి.